సర్ది నాకు, జరం చెల్లెకు

మా ఇంట్లో జరం చెల్లెకు వచ్చేది, సర్ది నాకు వచ్చేది. ఇద్దరం ఒకే చాప మీద, ఒకే చద్దరు కింద పడుకునేవాళ్లం. పొద్దున లేచి ఇద్దరం ఒకేసారి తుమ్మేవాళ్లం. దాని తుమ్ము వింటే అమ్మ చేతిలో పని వదిలేసి వచ్చేది. నా తుమ్ము వింటే "ముక్కు చీదుకొని బిందె తీస్కో, నల్ల బందయితది" అనేది.

ఇప్పుడు నేను ఒక సర్కారు దవాఖానలో నర్సును. చలికాలం మొదలయిందంటే తల్లులు పిల్లలను చంకనేసుకుని వచ్చి "ఇది సర్దియా మేడం, ఫ్లూనా?" అని అడుగుతారు. జలుబయితే మెల్లగా వస్తుందని, గొంతులో గరగరతో మొదలై తుమ్ములూ ముక్కు కారడంగా మారుతుందని, పిల్ల చీదుకుంటూనే ఆడుకుంటుందని చెబుతాను. ఫ్లూ అట్లా కాదు, పొద్దున బాగున్న మనిషిని సాయంత్రానికి మంచాన పడేస్తుంది, చలి, ఒళ్లంతా నొప్పులు, కాలిపోయే జరం అని చెబుతాను. ఒక్కోసారి రెండూ ఒకదానిలాగా మరొకటి కనబడతాయని, ఆయాసం వస్తే ఆలస్యం చేయొద్దని కూడా ఓపికగానే చెబుతాను. కానీ ఇద్దరు పిల్లలను వెంటబెట్టుకుని వచ్చిన తల్లి చిన్నదాన్ని మాత్రమే బల్ల మీద కూర్చోబెడితే నా ఓపిక పోతుంది. "పెద్దదాన్ని గూడ గిటు తీస్కరా" అంటాను. దానికేం కాలేదు మేడం అని తల్లి అన్నా సరే, థర్మామీటర్ పెడతాను. అప్పుడు ఆ పెద్దపిల్ల మొహం చూడాలి, పెళ్లిపీటల మీద కూర్చున్నంత బుద్ధిగా ఉంటుంది.

మాది రామన్నపేట దగ్గరి ఊరు. మా తాతలకు గుంటెడు జాగా లేదు. నాయిన మేస్త్రి పని చేసి, అమ్మ కూలికి పోయి కొంత చెలక కొన్నారు. ఇంకొంత కౌలుకు పట్టి పత్తి పెట్టేవాళ్లం. ఏరిన పత్తిని మంచి ధర వచ్చేదాకా ఇంట్లోనే పోసుకునేవాళ్లం. మాకున్నవి రెండే అర్రలు. దసరా వచ్చిందంటే ముందరి అర్ర నిండా పత్తే, కిటికీ కూడా కనబడేది కాదు. వెనుక అర్రలో వంట, పడక, నా చదువు. పత్తి నూగు అన్నంలో పడేది, తలకు పట్టేది, ముక్కుల్లోకి పోయేది. పత్తి అమ్ముడుపోయేదాకా ఇంటిల్లిపాదీ తుమ్మేవాళ్లమే. అమ్మ దానికి పత్తి సర్ది అని పేరు పెట్టింది. ఆ పేరు నాకోసమే పెట్టిందని నా అనుమానం. ఎందుకంటే చెల్లె తుమ్మినప్పుడు ఆ పేరు ఎన్నడూ ఆమె నోట వినలేదు.

తెలంగాణ వచ్చినాక కొత్తగా గురుకులాలు తెరిచారు. చెల్లె పరీక్ష రాస్తే సీటు వచ్చింది. నాకు అప్పటికే ఆ పరీక్ష రాసే వయసు దాటింది. ఇందులో చెల్లె తప్పు లేదు, ముందు పుట్టడం నా తప్పు కూడా కాదు. అయినా నాకు మండేది. అది సెలవులకు ఇంటికి వస్తుందంటే అమ్మ వాకిలి రెండుసార్లు ఊడ్చేది. కోడిని కోసేది. దాని తలకు నూనె పెడుతూ "బక్కగయినవు బిడ్డా" అని కళ్లనీళ్లు పెట్టుకునేది. నేను రోజూ కళ్లముందే తిరుగుతుంటిని కాబట్టి బక్కగయ్యానో లావయ్యానో ఎవరికీ తెలియదు. చెల్లెకు హాస్టల్లో అలవాటు తప్పింది కాబట్టి పత్తి ఉన్న ఇంట్లో కాలు పెట్టగానే తుమ్ములు మొదలయ్యేవి. అమ్మ పరుగెత్తుకొచ్చి తన చెంపను దాని మెడకు ఆనించి చూసేది. అమ్మకు థర్మామీటర్ అదే. "కాలుతాంది" అనేది. నేనూ చెయ్యి పెట్టి చూసేదాన్ని. చెల్లె మెడ చల్లగా కుండలాగా ఉండేది.

జరం అని పేరు పడిందంటే ఇక రాజభోగమే. నాయిన పని నుంచి వస్తూ డబల్ రొట్టె తెచ్చేవాడు. మా ఊళ్లో డబల్ రొట్టె, అంటే బ్రెడ్డు, జరమొచ్చినోళ్ల తిండి. బాగున్నవాళ్లు తింటే ఏమైందని అడుగుతారు. పాలల్లో ముంచిన ఆ రొట్టె ముక్కలు చెల్లె నోట్లోకి పోతుంటే నేను గడప మీద కూర్చుని చూసేదాన్ని. మా ఆర్‌ఎంపీ డాక్టరు సైకిల్ మోటారు ఆపి లోపలికి వచ్చేవాడు. పక్కింటివాళ్లు బత్తాయిలు పట్టుకుని చూడటానికి వచ్చేవాళ్లు. నాకు మాత్రం మిరియాల కషాయం. అది తాగి చేనుకు పోవాలి.

అన్నిటికన్నా నన్ను ఎక్కువ కాల్చింది మాత్రం చర్చి. మేం ఆదివారం ఆదివారం చర్చికి పోతాం. వాక్యం అయిపోయినాక మా అయ్యగారు, అంటే మా పాస్టరు, "ప్రార్థన అవసరతలు ఉన్నవారు చెప్పండి" అని మైకు కిందికి పంపేవాడు. ఎవరికి కష్టమొచ్చినా లేచి చెప్పుకునేవాళ్లు. అప్పుడు అందరూ కలిసి ఆ మనిషి పేరుతో ప్రార్థన చేసేవాళ్లు. చర్చి మీద కట్టిన మైకులో అది ఊరంతా వినబడేది. మా అమ్మ లేచి "నా చిన్నబిడ్డకు జరం, దానికోసం ప్రార్థన చేయుండ్రి" అనేది. ఇక అయ్యగారు చెల్లె పేరు పెట్టి గొంతెత్తి ప్రార్థించేవాడు. ముసలోళ్లు "స్తోత్రం" అనేవాళ్లు. నేను పక్కనే కూర్చుని ముక్కు చున్నీకి తుడుచుకుంటూ ఉండేదాన్ని. జరానికి ప్రార్థన ఉంటుంది. సర్దికి ఉండదు. ఎవరన్నా లేచి నాకు ముక్కు కారుతుంది, దేవుడికి చెప్పుండ్రి అంటారా?

నేను ఒకసారి అన్నాను. ఎంతకాలమని ఊరుకుంటాను? మైకు మా వరుసకు రాగానే అమ్మ చేతిలోంచి తీసుకుని లేచి, "నాకు మస్తు సర్ది అయ్యింది, నా గురించి గూడ ప్రార్థన చేయుండ్రి" అన్నాను. మగవాళ్ల వైపు నుంచి ఎవరో కిసుక్కున నవ్వారు. అది విని అందరూ నవ్వారు. అయ్యగారు మంచివాడు, నవ్వలేదు. కానీ నా పేరు తీయలేదు. "చిన్న చిన్న బాధలలో ఉన్న వారినందరినీ జ్ఞాపకం చేసుకో ప్రభువా" అని కలిపి ప్రార్థించాడు. ఇంటికి పోయేటప్పుడు దారి పొడుగునా అమ్మ తిట్టింది. "సర్దికి గూడ ప్రార్థననా? ఇజ్జత్ తీసినవ్" అంది.

మరుసటి ఆదివారం చెల్లె లేచి సాక్ష్యం చెప్పింది. రోగం నయమయినవాళ్లు లేచి అందరి ముందు దేవుడికి కృతజ్ఞత చెప్పుకోవాలి, దాన్ని సాక్ష్యం అంటారు. హాస్టల్లో నేర్చుకున్న పుస్తకం మాటల్లో, చేతులు కట్టుకుని, "నేను తీవ్రమైన జ్వరముతో బాధపడుచుండగా ప్రభువు నన్ను ముట్టి స్వస్థపరిచెను" అంది. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం లేచి నిలబడి, అది జరం కాదు, పత్తి నూగు, దేవుడి దాకా పోవాల్సిన పనే లేదు, మిరియాల కషాయానికే తగ్గింది అని అరవాలనిపించింది. అరవలేదు. కడుపులో పెట్టుకున్నాను. అప్పటి నుంచి నాకు ఒకటే కోరిక. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, నాకు జరం అని అమ్మ తన నోటితో అనాలి. అయ్యగారు నా పేరు మైకులో తీయాలి.

నేను పదో తరగతిలో ఉన్నప్పుడు, క్రిస్మస్ దగ్గరపడుతుండగా చెల్లె హాస్టల్లో పిల్లలందరికీ జరాలు మొదలయ్యాయి. పిల్లలను తీసుకుపొమ్మని కబురు పెడితే నాయిన పోయి తీసుకొచ్చాడు. ఈసారి చెల్లె తుమ్మలేదు. బస్సు దిగి నాయిన భుజం మీదనే నిద్రపోతూ వచ్చింది. చద్దరు కప్పితే చాలక గోనెసంచి కూడా కప్పమంది. పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. నేను అలవాటుగా దాని మెడ మీద చెయ్యి పెట్టి తీసేశాను. నిజంగా కాలుతోంది. ఇన్నాళ్లూ నేను చూసింది జరం కాదని, జరం అంటే ఇదని అప్పుడు తెలిసింది.

దానికి కాస్త మాట్లాడే ఓపిక వచ్చినాక, హాస్టల్లో నర్సు మేడం చెప్పినవన్నీ నాకు చెప్పింది. "సర్ది అయితే మెల్లగ వస్తదంట అక్క, ముక్కుకాడనే ఉంటదంట. ఫ్లూ అయితే ఒక్కసారే కొట్టి పడేస్తదంట. ఒళ్లంత విరిచినట్టయితది. నాకు గట్లనే అయ్యింది, అన్నం తింటాంటె పళ్లెం మీదనే పడ్డ" అంది. జాలి పడాల్సింది పోయి నాకు పట్టరాని ఆనందమయింది. పొయ్యి దగ్గరున్న అమ్మ దగ్గరికి పోయి, "విన్నవా? ఫ్లూ అంటె గిది. ఇన్నొద్దులు దానికొచ్చినయన్ని సర్దిలే. అన్నిటికి డబల్ రొట్టెలు తినపెట్టినవ్" అన్నాను.

"దాని పానం బాగలేకుంటె నీకు గిప్పుడు లెక్కలు గావాల్నా? పో, గా రొట్టె దానికి పెట్టు" అంది అమ్మ.

పాలలో ముంచిన రొట్టె గిన్నె తీసుకుని పోయాను. చెల్లె రెండు ముక్కలు నమిలి గిన్నె తోసేసింది, నీళ్లు కూడా చేదుగా ఉన్నాయంది. పారేయడానికి నాకు మనసొప్పలేదు. ముందరి అర్రలోకి పోయి, పత్తి కుప్ప వెనుక కూర్చుని, అదే చెంచాతో మిగిలిందంతా తిన్నాను. గిన్నె అడుగున మిగిలిన పాలు కూడా తాగాను. మెత్తగా, తియ్యగా, ఇన్నేళ్లు ఊహించుకున్నంత బాగుంది. మర్నాడు కూడా అట్లాగే తిన్నాను. ఎంగిలి తింటే ఫ్లూ అంటుకుంటుందని హాస్టల్ నర్సు మేడం చెప్పే ఉంటుంది, కానీ చెల్లె నాకు ఆ మాట చెప్పలేదు. చెప్పినా తినేదాన్నే.

చెల్లె లేచి తిరగడం మొదలుపెట్టింది. ఆ శనివారం మబ్బు పట్టింది. చలికాలంలో ముసురు పడితే పగిలిన పత్తి తడిసి నల్లబడుతుంది, ఎవడూ కొనడు. అందుకని అమ్మ నన్ను బడి మాన్పించి చేనుకు తీసుకుపోయింది. పొద్దున నేను బాగానే ఉన్నాను. ఏరిన పత్తి వేసుకునే ఒడి నడుముకు కట్టుకుని, చెట్ల వరుసల్లో అమ్మకన్నా ముందు సాలు పట్టాను. సద్ది తిన్నాక రెండో సాలు మధ్యలో ఎవరో వెనుక నుంచి తోసినట్టయింది. ఎండ లేకపోయినా కళ్లు మండుతున్నాయి. వీపులో చలి పాకింది. నడుము, తొడలు, ఆఖరికి వేళ్ల కణుపులు కూడా నొప్పిపెట్టాయి. పత్తి కాయ పట్టుకుంటే ముల్లులాగా గుచ్చుకుంది.

"అమ్మా, నాకు పానం మంచిగ లేదు" అన్నాను.

అమ్మ తల ఎత్తలేదు. "పత్తి సర్ది. ఇంటికి పోయినంక కషాయం పెడ్త. మబ్బు చూసినవా, జర చేతులాడియ్యి."

"నా ముక్కు కారుతలేదు అమ్మా. ఒక్క తుమ్ము గూడ రాలే."

"కారకుంటె మంచిదే గదా."

నాకు ఎంత కోపమొచ్చిందంటే ఆ కోపంతోనే ఇంకో సగం సాలు ఏరాను. చెల్లె చెప్పినవన్నీ నాకు ఉన్నాయి, ఒక్కసారే వచ్చాయి, ఒళ్లు విరిచినట్టే ఉంది. ఇన్నేళ్లు ఎదురుచూసిన జరం వచ్చింది, కానీ అమ్మ దాని వైపు చూడడం లేదు. చెల్లె ఈ మాట అంటే ఆకాశం ఊడిపడ్డా చూసేది కదా అనుకుంటుంటే ఏడుపొచ్చింది. కూర్చుందామనుకున్నాను. కూర్చోబోయి పడిపోయాను. ఒడిలో పత్తి ఉంది కాబట్టి దెబ్బ తగల్లేదు.

అమ్మ నా పేరు పెట్టి పిలిచింది. తిట్టింది. మళ్లీ పిలిచింది. తర్వాత పత్తిచెట్లు విరుచుకుంటూ పరుగెత్తుకొచ్చిన చప్పుడు వినబడింది. తన చెంపను నా మెడకు ఆనించింది. ఆ చెంప చల్లగా, చెమటతో తడిగా ఉంది. ఇన్నేళ్లలో మొదటిసారి. ఎంత సంతోషపడాలని ప్రయత్నించానో, కానీ సంతోషపడే ఓపిక లేదు. "అయ్యో అయ్యో, కాలుతాంది, నా బిడ్డ కాలుతాంది" అని అమ్మ ఎవరికి చెబుతోందో తెలియదు. చేనులో మేమిద్దరమే ఉన్నాం.

ఏరిన పత్తి బోరాలు అక్కడే వదిలేసి, రోడ్డు దాకా నన్ను వీపున వేసుకుని నడిచింది. నాకన్నా అమ్మ పొట్టి, నా కాళ్లు నేలకు రాసుకుపోయాయి. దారిలోనే చినుకులు పడ్డాయి. ఆటో దొరికితే సరాసరి రామన్నపేట దవాఖానకు తీసుకుపోయింది. అక్కడి డాక్టరమ్మ ముందు ఊపిరి చూసింది, ఆయాసం లేదంది. ఇంట్లో ఎవరికయినా ఇట్లా వచ్చిందా అని అడిగింది. చెల్లె సంగతి చెప్పగానే, ఇది ఫ్లూ అంది. గోలీలిచ్చి, బాగా నీళ్లు తాగించమని, లేవనియ్యొద్దని, ఊపిరి బరువయితే వెంటనే తీసుకురమ్మని చెప్పింది. "సర్ది గాదా?" అని అమ్మ అడిగింది. కాదంది డాక్టరమ్మ. అమ్మ మళ్లీ అడిగింది. కాదమ్మా అని ఆమె మళ్లీ చెప్పింది. ఇంటికి వచ్చినాక పత్తి తడిసిపోయిందా అని నాయిన అడిగితే, అమ్మ నా మెడకు మళ్లీ చెంప ఆనించి చూసింది.

మర్నాడు ఆదివారం. నాయిన, అమ్మ చర్చికి పోయారు. చెల్లెను నా దగ్గర ఉండమన్నారు. నాకు ఏదీ సరిగా వినబడడం లేదు, పాటలు, వాక్యం అన్నీ దూరంగా గుయ్‌మంటున్నాయి. చెల్లె తడిగుడ్డ పిండి నా నుదుటి మీద వేస్తోంది. ఇంట్లో డబల్ రొట్టె ఉంది, నాకు దాని వాసనే పడలేదు.

అప్పుడు మైకులో అమ్మ గొంతు వినబడింది. "అయ్యగారు" అంది. ఆగింది. అమ్మకు మైకు కొత్త కాదు. చెల్లె కోసం ఎన్నిసార్లు అడిగిందో, నీళ్లు తాగినంత సులువుగా అడిగేది. "నా పెద్దబిడ్డకు..." అంది. మళ్లీ ఆగింది. మైకు కీచుమంది. "నా పెద్దబిడ్డకు జరం. సర్ది గాదు, జరమే. పొల్ల నాకు చెప్పింది, చేన్ల నిలవడి చెప్పింది, నేనే వినలే. సర్ది అన్న. దానికెప్పుడు సర్దే అంట నేను. అదెప్పుడు మంచిగనే ఉంటది అయ్యగారు, అది పడదు, గది పడితె నాకు దిక్కెవలు..." ఊరంతా వినబడేట్టు అమ్మ ఏడ్చింది. చర్చిలో ఎవరూ స్తోత్రం కూడా అనలేదు. అయ్యగారు మైకు తీసుకుని నా పేరు పెట్టి ప్రార్థన మొదలుపెట్టాడు. మొత్తం నా పేరే. అమ్మ వెక్కిళ్లు వెనుక నుంచి వినబడుతూనే ఉన్నాయి.

నుదుటి మీద గుడ్డ ఆరిపోయింది. చెల్లె మార్చలేదు. చేతిలో ఇంకో తడిగుడ్డ పట్టుకుని చర్చి వైపు చూస్తూ కూర్చుంది.

"నా కోసం అమ్మ ఎన్నడు గిట్ల ఏడ్వలే" అంది మెల్లగా.

ఆ గొంతు నాకు బాగా తెలుసు. ఇన్నేళ్లూ నా లోపల మోగింది అదే గొంతు. జరం అట్లాగే ఉంది, ఒళ్లు విరుచుకుపోతూనే ఉంది, కానీ ఛాతీలో ఏదో చల్లగా దిగింది. అది అన్న మాట నాకు ముక్కముక్కా వినబడింది. అయినా కళ్లు తెరవకుండా, "ఏమన్నవ్ చెల్లె? వినవడలే, మళ్ల చెప్పు" అన్నాను.